బోజేకీ బ్యూజెట్‌కీ నడుమ

ఎర్ర ప్యాకెట్టు. లోపల రెండు పలచటి బిస్కెట్లు, నడుమ చాక్లెట్ పూత. పది రూపాయలకు దొరుకుతుంది, పిల్లలు దాని కోసం అంగడి ముందర పడి దొర్లుతారు. దాని పేరు ప్యాకెట్టు మీద ఇంగ్లీషులో మాత్రమే ఉంటుంది, అదీ వంకర టింకర అక్షరాల్లో. టీవీలో ప్రకటన వస్తుంది గానీ అందులో ఎవరూ నోరు తెరిచి ఆ పేరు పలకరు. ఒక అమ్మాయి కొరుకుతుంది, కళ్ళు మూసుకుంటుంది, పాట వస్తుంది, అయిపోతుంది. ఇక పేరు పలికే బరువు అమ్మేవాళ్ళ మీదా కొనేవాళ్ళ మీదా పడింది. ఆళ్లగడ్డలో కొందరు బౌజెట్టు అంటారు, కొందరు బీజెట్ అంటారు, పల్లెల నుంచి వచ్చేవాళ్ళు ఆ గోలేమీ లేకుండా వేలు చూపించి అడుగుతారు. ఎట్లా పిలిచినా లోపలున్నది మారదు కదా, ఇందులో తగువేముంది అని మీరనుకోవచ్చు. నాగజ్యోతి కూడా మొదట్లో అట్లాగే అనుకుంది, పాపం.

నాగజ్యోతికి ఇప్పుడు ఏడో నెల. తొలి కాన్పు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. అట్లాగని కడుపుతో ఉన్న పిల్ల సంచి సర్దుకుని బస్సెక్కి పోవడానికి లేదు. తండ్రి రావాలి. తల్లి చలిమిడి చేసి తేవాలి. వియ్యంకుడి ఇంట్లో కూర్చుని, మా బిడ్డను పిలుచుకొని పోతాం అని నోరు తెరిచి అడగాలి. వీళ్ళు సరేననాలి. అదీ బేసి నెలలోనే. ఏడు తప్పితే తొమ్మిది. ఎనిమిదో నెలలో మాత్రం పిల్లను ఊరు కదిలించరు. ఎందుకు కదిలించరని అడిగితే ఎవరికీ తెలీదు, కానీ కదిలించరు. తొమ్మిదో నెల వరకు ఆగుదామంటే, తొలిచూలు పిల్ల ఎప్పుడు నొప్పులు పడుతుందో దేవుడికే ఎరుక.

పుట్టిల్లు ఏ పరాయి రాష్ట్రంలోనో లేదు. నంద్యాలలో ఉంది. బస్సెక్కి కునుకు తీసేలోపు నంద్యాల వస్తుంది. కడప నుంచి కర్నూలు పోయే బస్సులన్నీ ఆళ్లగడ్డలో అత్తవారి అంగడి ముందు నుంచే పోతాయి. కండక్టర్ తలుపు దగ్గర నిలబడి "నంద్యాల, నంద్యాల, నంద్యాల" అని అరిచినప్పుడల్లా నాగజ్యోతికి కడుపులో బిడ్డ కదిలినట్టు అనిపించేది. రోజుకు ఎన్ని బస్సులు పోతాయో ఆమె లెక్కపెట్టడం మానేసింది. లెక్కపెడితే ఏడుపొస్తుంది.

నాన్న ఎందుకు రావడం లేదంటే, ఆ బిస్కెట్టు పేరు వల్ల.

నాగజ్యోతి నాన్న మహానందయ్యకు నంద్యాలలో హోల్‌సేల్ అంగడి ఉంది. ఆ ఎర్ర ప్యాకెట్ల ఏజెన్సీ ఆయనదే. చుట్టుపక్కల ఊళ్ళకు సరుకు ఆయన దగ్గర నుంచే దిగుతుంది. ఆయన దాన్ని బ్యూజెట్ అంటాడు. మామ శ్రీనివాసులుకు ఆళ్లగడ్డలో పెద్ద కిరాణా అంగడి, వెనకే ఇల్లు. ఆయన బోజే అంటాడు. ఏండ్లు సాగిన వ్యాపార స్నేహమే వియ్యమైంది. పెండ్లప్పుడు ఒకరినొకరు బావా బావా అని పిలుచుకుంటూ, ఒకరి నోట్లో ఒకరు పూర్ణం భక్షాలు కుక్కుకున్నారు. ఆ ఫోటో ఇప్పటికీ హాల్లో వేలాడుతోంది, చూస్తే ఒళ్ళు మండుతుంది.

తగువు యాగంటిలో మొదలైంది. చుట్టాలబ్బాయి పుట్టువెంట్రుకలు తీయించి, సత్రంలో భోజనాలు పెట్టారు. పంక్తిలో శ్రీనివాసులు పక్కన ఎవరి పిల్లోడో మారాం చేస్తుంటే, ఆయన జేబులో నుంచి ప్యాకెట్టు తీసి "ఇదో, బోజే తిను నాయనా" అన్నాడు. ఎదురు పంక్తిలో కూర్చున్న మహానందయ్య ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"బోజే ఏంది బావా, బ్యూజెట్! జిల్లాకంతా దింపేటోణ్ణి, నాకు తెల్దా?"

"నువ్వు దింపుతావు, నేను అమ్ముతా. పొద్దస్తమానం నోటితో పలికేది నేను" అన్నాడు శ్రీనివాసులు, ఇంకా నవ్వుతూనే. "మా సురేష్ బెంగళూర్లో సదివినాడు. అది ఫ్రెంచి మాటంట. ఆఖర్న ఉండే అచ్చరం పలకగూడదంట."

"పలకగూడని అచ్చరానికి దుడ్లు పెట్టి అచ్చెందుకేసినారు బావా?"

పంక్తి పంక్తంతా గొల్లుమంది. వడ్డించేవాళ్ళు కూడా సాంబారు బకెట్లు కింద పెట్టి నవ్వారు. శ్రీనివాసులు ముఖం ఎర్రబడింది. సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచాడు. అన్నం మీద నుంచి లేవడమంటే మాటలా! పెండ్లాం చచ్చిందని కబురొచ్చినా చేతిలో ముద్ద నోట్లో పెట్టుకుని లేచే మనుషులు వీళ్ళు. ఆయన చెయ్యి కడుక్కుని నేరుగా పోయి కార్లో కూర్చున్నాడు. వెనకాలే నాగజ్యోతి మొగుడు సురేష్ లేచాడు, అత్త కమలాక్షమ్మ లేచింది, భక్షం సగం కొరికిన నాగజ్యోతి కూడా లేచింది. అమ్మ చెన్నమ్మతో రెండు మాటలు మాట్లాడదామని పొద్దున్నుంచీ ఎదురుచూసింది. ఆ మాటలు యాగంటిలోనే ఉండిపోయాయి.

అప్పటి నుంచి ఇద్దరూ భీష్మించుకున్నారు. "ఆయప్ప నా అంగట్లోకి వచ్చి, పదిమంది ముందర బోజే అని అడిగి ఒక ప్యాకెట్టు కొనుక్కోవల్ల. అప్పుడు పిల్లను పంపిస్తా" అంటాడు శ్రీనివాసులు. "ఇస్తరి ముందర నుంచి లేచిపొయ్యి నన్ను అవమానం చేసిన మనిషి ఆయన. ఒకసారి ఫోన్ చేసి బ్యూజెట్ అంటే చాలు, కారేసుకుని వస్తా" అంటాడు మహానందయ్య. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఒకరంటే, కాదు రెండేనని ఇంకొకరు. నడుమ అడకత్తెరలో పోకచెక్క నాగజ్యోతి.

నాన్న రోజూ ఫోన్ చేసేవాడు. ప్రేమ లేదనడానికి లేదు. ఆ ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో స్పీకర్ పెట్టి మాట్లాడటం అలవాటు, ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"ఏమ్మా, బాగుండావా? తింటాండావా? మీ అంగట్లో బ్యూజెట్ బాగా పోతాందా?"

గల్లా దగ్గర నుంచి మామ గొంతు లేచేది. "బోజే బాగా పోతాందని చెప్పమ్మా!"

నాగజ్యోతి కొంగు మెలిపెట్టుకుంటూ, "ఎర్ర ప్యాకెట్లు బాగానే పోతాండాయి నాయనా" అనేది. ఆ ఉపాయం తనకు తట్టినందుకు మొదటిరోజు తనలో తాను మురిసిపోయింది. రెండోరోజుకే దాని పస తేలిపోయింది. "ఏం, ఆ ఇంట్లో పేరు గూడా పలకనీరా నిన్ను?" అని నాన్న కస్సుమన్నాడు. "ఏమ్మా, పేరు లేదా దానికి? బోజే అంటే నోరు పడిపోతాదా?" అని మామ నొచ్చుకున్నాడు. ఇద్దరికీ చెడ్డదైంది. ఆ తర్వాత ఫోన్ మోగితే ఆమె పెరట్లో ఏదో ఒక పని వెతుక్కోవడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం మగవాళ్ళు భోజనానికి లోపలికి వస్తే కాసేపు అంగట్లో ఆమె కూర్చునేది. ఆ కాసేపట్లోనే ఎవరో ఒకరు వచ్చి "బ్యూజెట్ ఉందామ్మా?" అనేవారు. లోపల మామ చెవులు రిక్కించి ఉంటాడని ఆమెకు తెలుసు. ఉందని గానీ లేదని గానీ అనకుండా ప్యాకెట్టు తీసి చేతిలో పెట్టేది. ఒక ముసలామె జాలిపడి, "మాటలు రావా తల్లీ నీకు?" అని అడిగింది. నాగజ్యోతి తల అడ్డంగా ఊపింది. వస్తాయని ఊపిందో, రావని ఊపిందో ఆమెకే తెలీదు.

పోనీ ఆ ఇంట్లో రాక్షసులున్నారా అంటే అదీ లేదు. అదే వచ్చిన చిక్కు. మామ రోజూ అంగడి మూసేటప్పుడు ఆమె కోసం దానిమ్మపండ్లు తెచ్చేవాడు. మెట్లు ఎక్కొద్దు, బిందె ఎత్తొద్దు అని మందలించేవాడు. తిట్టేవాళ్ళ మీద తిరగబడొచ్చు, పండ్లు తెచ్చేవాళ్ళ మీద ఎట్లా తిరగబడతారు? ఒకరోజు మజ్జిగ ఇస్తూ ధైర్యం చేసి అడిగింది.

"మామా, ఏడో నెల అయిపోతాంది. మా నాయన మొండోడు. మీరే పెద్ద మనసు చేసుకోండి."

శ్రీనివాసులు గ్లాసు పక్కన పెట్టి, ఎంతో నెమ్మదిగా చెప్పాడు. "నీ మీద నాకేం కోపం లేదమ్మా. నువ్వు బంగారం. నీ కాన్పు ఈడ చేసేదానికి నాకు చేతగాక కాదు, పెద్ద డాక్టరమ్మ దగ్గరికే పోదాం. కానీ ఆయప్ప మాట నెగ్గిందంటే నేను ఈ బజార్లో ఎట్ల తల ఎత్తుకోవల్ల చెప్పు?"

బంగారాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. నాగజ్యోతికి ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది.

ఆమెకు భయంగా ఉండేది. ఉన్నమాట చెప్పాలంటే, అదే అసలు సంగతి. కాన్పు అంటే భయం. కాళ్ళకు నీరు ఎందుకు పడుతోంది, పక్కకు తిరిగి పడుకుంటే ఊపిరెందుకు ఆడటం లేదు, ఇవి ఎవరిని అడగాలి? డాక్టరమ్మను అడిగితే "అంతా నార్మల్" అంటుంది. అత్త కమలాక్షమ్మ చెడ్డది కాదు గానీ మాటకు పిసినారి. పనులు చూసుకుంటూ, ముఖం చూసి ముఖం తిప్పుకునే మనిషి. భయమేస్తోందని చెప్పుకుని తల పెట్టడానికి ఒక ఒడి కావాలి. ఆ ఒడి నంద్యాలలో ఉంది. అమ్మేమో నాన్న ఫోన్లో నాన్న వెనక నిలబడి, "మీ నాయన సంగతి నీకు తెలుసు గదమ్మా" తప్ప వేరే మాట అనేది కాదు. పెండ్లయిన నాటి నుంచి చెన్నమ్మ మొగుడి మాటకు ఎదురు చెప్పినట్టు ఆ ఇంటి గోడలకు కూడా గుర్తులేదు.

సురేష్‌ను అడిగింది. "నంద్యాలలో నన్ను దింపి రా. చాలు. ఇంక నేను చూసుకుంటా."

"పిలవకుండా పోతే రేపు అనేది నిన్నే" అన్నాడు సురేష్ ఫోన్లో నుంచి తలెత్తకుండా. "మీ నాయన మా నాయన కొట్లాడుకుంటే నన్నెందుకు లాగుతావ్ మధ్యలో?"

"ఆ ఫ్రెంచి మాట చెప్పింది ఎవురు?"

"నేను మాట చెప్పినా. తగువు పెట్టుకోమని చెప్పలే" అని లేచి అంగట్లోకి పోయాడు. చదువుకున్న మొగుడు ఇట్లాంటి సమయాల్లో ఎంత సుళువుగా తప్పుకుంటాడో చూశారా!

ఆ వారమే కంపెనీ మనిషి ఇమ్మానుయేలు వచ్చాడు. కర్నూలు నుంచి మోటారు సైకిల్ మీద అంగడి అంగడీ తిరిగి ఆర్డర్లు రాసుకునే మనిషి. వస్తూనే "శెట్టిగారూ, బోజే ఎన్ని పెట్టెలు?" అన్నాడు. శ్రీనివాసులు ముఖం చాటంతైంది. "విన్నావామ్మా! కంపెనీ మనిషే అంటాండాడు" అని లోపలికి కేకేసి, ఆయనకు కాఫీ చెప్పడానికి తనే లేచి వెళ్ళాడు. నాగజ్యోతి ఆశ్చర్యపోయింది. ఎందుకంటే నిన్ననే నాన్న ఫోన్లో, "కంపెనీ ఇమ్మానుయేలే నా ముందర బ్యూజెట్ అన్నాడు, మీ మామకు చెప్పు" అని గర్జించాడు.

"అన్నా, నిన్న నంద్యాలలో ఏమన్నావ్?" అంది నాగజ్యోతి గొంతు తగ్గించి.

ఇమ్మానుయేలు ఇటూ అటూ చూశాడు. "నంద్యాలలో బ్యూజెట్ అంటానమ్మా. ఈడ బోజే. చాగలమర్రిలో బౌజెట్టు. అంగడాయన ఎట్ల పలికితే మేమూ అట్లే పలకాల. పన్లో చేరినప్పుడు మాకు నేర్పిచ్చే మొదటి పాఠం అదే."

"అసలు పేరేంది మరి?"

"నాకు తెల్దు. మా మేనేజర్‌కు గూడా తెల్దు. ఆయన పేరే ఎత్తడు, ప్రోడక్టు అంటాడు."

"అన్నా, నీకు పుణ్యముంటాది. ఇద్దరికీ ఏదో ఒకటే చెప్పు. ఏదైనా ఫర్వాలే. మా నాయన ఓడిపోయినా ఫర్వాలే, మామ ఓడిపోయినా ఫర్వాలే. నేను అమ్మ దగ్గరికి పోవల్ల."

ఆయన ఆమె కడుపు వైపు చూసి తల దించుకున్నాడు. "ఓడిపోయినాయన నాకు ఆర్డర్ ఇయ్యడమ్మా. నాకూ ఇల్లుంది" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టడానికి ఆమెకు మనసు రాలేదు. లోకమంతా ఎవరి బతుకు వాళ్ళు బతుకుతూ, తలా ఒక చెయ్యి వేసి తన తలుపు మూస్తున్నట్టుంది. శ్రీనివాసులు కాఫీతో తిరిగి వచ్చేసరికి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

చివరికి సిగ్గు విడిచి, ఫోన్ పెరట్లోకి తీసుకుపోయి నాన్నకే చేసింది. స్పీకర్ లేదు, మామ లేడు. వెనక వీధిలో శిల్పాలు చెక్కేవాళ్ళ ఉలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నాయనా, ఒక్కసారి వచ్చి బోజే అను. నా కోసం. ఒక్కసారి అంటే ఏం పోతాది?"

అవతల మహానందయ్య ముక్కు ఎగబీల్చాడు. "నీ కోసం ప్రాణమైనా ఇస్తానమ్మా. కానీ తప్పును ఒప్పని ఎట్ల అనమంటావ్? వ్యాపారంలో నాకు మిగిలింది మాటొక్కటే గదా."

ప్రాణం ఇస్తాడట, ఒక మాట ఇవ్వడట. నాగజ్యోతికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగక, ఆగక, ఏడుపై తేలింది. తులసికోట పక్కన కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. కమలాక్షమ్మ పెరటి తలుపు దగ్గరికి వచ్చి చూసి, ఏమీ అనకుండా తిరిగి లోపలికి పోయింది.

అట్లా అట్లా ఏడో నెల గడిచిపోయింది. పొద్దున్నే కమలాక్షమ్మ గోడ మీది క్యాలెండర్ చూసి, "ఎనిమిది పడింది" అంది. ఆ ఒక్క మాటతో నాగజ్యోతి సర్దిపెట్టుకున్న సంచిలో నుంచి చీరలు తీసి బీరువాలో పెట్టుకుంది.

ఆ సాయంత్రమే, చూడండి విచిత్రం, టీవీలో కొత్త ప్రకటన వచ్చింది. అందరూ హాల్లోనే ఉన్నారు. అదే అమ్మాయి, అదే ఎర్ర ప్యాకెట్టు. కొరికింది, కళ్ళు మూసుకుంది. ఈసారి కళ్ళు తెరిచి, పెదాలు సున్నాలా చుట్టి, తెలుగులోనే స్పష్టంగా చెప్పింది. "బ్వాజే!"

శ్రీనివాసులు నోరు తెరుచుకుని టీవీ వైపే చూస్తున్నాడు. బోజే కాదు, బ్యూజెట్ కాదు, జిల్లాలో ఏ నోరూ పలకనిదేదో. అంతలో ఫోన్ మోగింది. నాగజ్యోతి ఫోన్ కాదు, శ్రీనివాసులు ఫోన్. నెలల తర్వాత వియ్యంకుడి పేరు దాని మీద వెలిగింది.

"బావా!" అని అరిచాడు అవతల మహానందయ్య. "సూసినావా టీవీ? బ్వా అంట! పసిబిడ్డ ఏడ్చినట్టు!"

"సూసినా బావా!" శ్రీనివాసులు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "కంపెనీ నా కొడుకులకు వాళ్ళ పేరే పలికేది రాదు!"

"మనం అమ్మితే గదా వాళ్ళకు పేరు!"

"అంతే గదా మరి!"

మూడు కాళ్ళన్నవాడూ రెండు కాళ్ళన్నవాడూ కొట్లాడుకుంటుంటే, కుందేలే వచ్చి నాకు నాలుగున్నాయని చెప్పుకుంది. అప్పుడు ఇద్దరూ ఒకటై కుందేలును తిట్టారు. అదీ జరిగింది. ఎవరూ ఓడలేదు కాబట్టి ఇద్దరూ గెలిచారు. "రేప్పొద్దున వస్తాండా బావా, నా బిడ్డను సూడల్ల" అన్నాడు మహానందయ్య. నాగజ్యోతి గబగబా లోపలికి పోయింది. బీరువాలో నుంచి చీరలన్నీ మళ్ళీ తీసి సంచిలో పెట్టుకుంది.

మరుసటిరోజు పొద్దున్నే కారొచ్చింది. అమ్మ కూడా వచ్చింది, చేతిలో చలిమిడి డబ్బా పట్టుకుని. నాగజ్యోతి గడపలోనే అమ్మను వాటేసుకుంది. వియ్యంకులిద్దరూ కావలించుకున్నారు, యాగంటి సంగతి తలుచుకుని అదేదో ఇంకెవరికో జరిగినట్టు పగలబడి నవ్వుకున్నారు. పక్కపక్కన కూర్చుని భోంచేశారు. ఒకరు బోజే అంటే రెండోవారు చప్పట్లు కొట్టారు, ఆయన బ్యూజెట్ అంటే ఈయన కొట్టాడు. ఇంత సులభమా, అనుకుంది నాగజ్యోతి గుమ్మంలో నిలబడి. ఇంత సులభమైనదానికా నేను ఇన్నాళ్ళు కుమిలిపోయింది!

భోజనాలయ్యాక ఆమె సంచి తెచ్చి హాల్లో పెట్టింది. మహానందయ్య సంచి వైపు చూసి, ఆమె వైపు చూసి, ముద్దుగా నవ్వాడు.

"ఇప్పుడెట్ల తల్లీ? ఎనిమిదో నెల పడింది గదా. ఈ నెల పోనీ. తొమ్మిది పడినాక నేనే వచ్చి పిలుచుకొని పోతా."

"నేనూ అదే అనుకుంటాండా బావా" అన్నాడు శ్రీనివాసులు. "ఎనిమిదిలో కదిలించగూడదు. శాస్త్రం."

"శాస్త్రం అంటే శాస్త్రమే" అన్నాడు మహానందయ్య. ఇద్దరూ ఒకేసారి తలలూపారు.

వాళ్ళు కొట్లాడుకుంటున్నన్నాళ్ళూ ఎవరో ఒకరు ఎప్పటికైనా తన పక్కకు వస్తారని ఆశ ఉండేది. ఇప్పుడు ఇద్దరూ ఒకే పక్కన కూర్చున్నారు, తనకు అవతలి పక్కన. నాగజ్యోతి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఏడో నెలంతా యాడుంటివి నాయనా?"

మహానందయ్య నవ్వు ఆగిపోయింది. "అది పెద్దోళ్ళ మాట పట్టింపమ్మా. నీకు..."

"నెలంతా ఆ రోడ్డు మీద బస్సులు చూస్తా కూచ్చున్నా. కాళ్ళు వాచినాయి, ఎవురికి చెప్పుకోవల్లో తెలీలే. పొద్దు పోతే బువ్వ దిగదు నాకు, భయంతో. మీ ఇద్దరికీ ఒక బిస్కెట్టు ఎక్కువైపాయె."

సురేష్ తన గోళ్ళు చూసుకున్నాడు. శ్రీనివాసులు, "అమ్మా, ఏడ్వొద్దు, ఒంటికి మంచిది కాదు" అన్నాడు మెల్లగా. ఆయన నిజంగానే బాధపడ్డాడు, అది ఆమెకు కనిపించింది. కనిపించినా ఆగలేదు.

"సరే, నేను కదలను. శాస్త్రం మీరు చెప్పినట్టే కానీ. ఎనిమిదో నెల నాకు గదా? అమ్మకు కాదు గదా? అమ్మను ఈడ ఉండనీండి."

ఈ మాట ఎవరూ ఊహించలేదు. ఆడపిల్లనిచ్చిన ఇంట్లో తల్లిదండ్రులు ఒక పూట తిని లేచిపోవాలి. నిద్ర చేయకూడదు. నెల పొడవునా ఉండటమంటే ఆ ఊళ్ళో ఎన్నడూ వినలేదు. మహానందయ్య ముందు తేరుకున్నాడు.

"ఏం మాటమ్మా అది! వియ్యాలోళ్ళ ఇంట్లో పడి తింటారా యాడన్నా? నలుగురు నవ్వరా?"

"మాకేం బరువు కాదు బావా, కానీ పద్ధతి గాదు గదా" అన్నాడు శ్రీనివాసులు. మళ్ళీ ఇద్దరూ ఒకటే.

వంటింటి గుమ్మంలో నుంచి కమలాక్షమ్మ గొంతు వచ్చింది. "నవ్వేటోళ్ళు యాగంటిలోనే నవ్వేసినారు. ఇంగ నవ్వేదానికేం మిగిలింది?" ఆమె హాల్లోకి వచ్చి చెన్నమ్మ ముందు నిలబడింది. "ఉండు వదినా. పిల్ల పెరట్లో కూచ్చుని ఏడుస్తాంటే నేను చూడలేకపోతాండా. నా దగ్గర ఏడ్వదు అది."

అందరూ చెన్నమ్మ వైపు చూశారు. ఆమె చలిమిడి డబ్బా ఒడిలో పెట్టుకుని, తల దించుకుని కూర్చుంది. మహానందయ్య లేచి కండువా దులిపాడు.

"ఏమే, మాట్లాడవేం? లే. పొద్దు పోతాంది."

ఆ మాటకు చెన్నమ్మ లేచింది. ముప్ఫై ఏండ్లుగా ఆ మాటకు లేస్తూనే ఉంది. నాగజ్యోతి కళ్ళు మూసుకుంది. అమ్మ గాజులు గలగలమన్నాయి. కానీ ఆ చప్పుడు గడప వైపు పోలేదు, తన వైపు వచ్చింది. కళ్ళు తెరిస్తే అమ్మ పక్కనే ఉంది. సంచి పక్కన డబ్బా పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని నిలబడింది.

"నేను రాను" అంది చెన్నమ్మ.

మహానందయ్యకు అర్థం కాలేదు. "రావా? మరి నా అన్నం?"

"బియ్యం డబ్బా పొయ్యి పక్కన ఉండాది."

"నువ్వు... ఎన్నాళ్ళే?"

చెన్నమ్మ కూతురి చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"తొమ్మిది పడినాక రా. పద్ధతి ప్రకారం రా. ఈ ఇంట్లో కూచ్చొని, నన్నూ నా బిడ్డనూ పంపమని వదినను అడుగు. ఆమె పంపితే, అప్పుడు వస్తాం."

మహానందయ్య వియ్యంకుడి వైపు చూశాడు. శ్రీనివాసులు తన పెండ్లాం వైపు చూసి, నేల చూపులు చూశాడు. పెద్దమనిషి మహానందయ్య చెప్పులు వేసుకుని, ఒక్కడే పోయి కారెక్కాడు.